క్లెయిమ్ అంటే కోర్టు కేసు కాదు.. అర్థం తెలిస్తే ఫారం చూసి భయపడం

దేవరాపల్లి: ఈ మధ్య మా వీధిలో ఒక ఖాలా బ్యాంకు ఫారం తెచ్చి నా చేతిలో పెట్టారు. "బేటా, ఇందులో క్లెయిమ్ అని ఉంది. అంటే దావా వెయ్యాలా? మాకు కోర్టులొద్దు, ఆ డబ్బూ వద్దు" అన్నారు. ఖాలూ చనిపోయి రెండేళ్లయింది. ఆ భయంతోనే ఫారం బీరువాలో ఉండిపోయింది.

ఖాలా పొరపాటు పడటానికి కారణం ఉంది. క్లెయిమ్‌ని ఉర్దూలో దావా అనే అంటాం. తెలుగులో మాత్రం దావా అంటే కోర్టు కేసు అనే అర్థమే ఎక్కువగా నిలబడిపోయింది. బ్యాంకు ఫారంలో క్లెయిమ్ అంటే అంత పెద్ద మాట కాదు. "ఇది మాకు రావాల్సింది, ఇవ్వండి" అని అడగడం, అంతే.

మాట ఎక్కడిది?

లాటిన్‌లో క్లామారే అంటే గట్టిగా పిలవడం, కేక వెయ్యడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకొచ్చి క్లెయిమ్ అయ్యింది. చాటి చెప్పడం అనే అర్థమున్న ప్రొక్లెయిమ్ కూడా అక్కడిదే. మన దావా అరబీ మాట. దాని మూలానికీ అర్థం పిలవడమే! దుఆ, దావత్ కూడా ఆ మూలం నుంచే వచ్చాయి. దుఆలో అల్లాహ్‌ని పిలుస్తాం, దావత్‌కి చుట్టాల్ని పిలుస్తాం, దావాలో మన హక్కు అడుగుతాం.

ఎలా వాడతారు?

"ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారు" అంటే రావాల్సిన డబ్బు అడిగారని. "ఈ మందుతో షుగర్ పోతుందని కంపెనీ క్లెయిమ్ చేసింది" అంటే కంపెనీ అలా చెప్పుకుంటోందని మాత్రమే, రుజువైందని కాదు. వాట్సాప్ మెసేజ్‌లు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. ఇక అన్‌క్లెయిమ్డ్ అంటే ఎవరూ వచ్చి అడగనిది.

అడగకపోతే ఏమవుతుంది?

పదేళ్లు ఎవరూ కదిలించని బ్యాంకు డిపాజిట్ రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. అలాగని హక్కు పోదు. తర్వాత కూడా ఖాతా ఉన్న బ్యాంకులోనే అడగొచ్చు. ఇలాంటి డబ్బు వెతుక్కోడానికి రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ పోర్టల్ పెట్టింది. పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఉంటే యూనియన్ బ్యాంకుకి వెళ్లాలి, 2020 ఏప్రిల్ 1న ఆ రెండూ కలిసిపోయాయి.

పాస్‌బుక్‌లో ఏడాదికోసారి 436 రూపాయలు కట్ అయినట్టు ఉందేమో చూడండి. అది జీవన్ జ్యోతి బీమా ప్రీమియం కావచ్చు. పాలసీ అమల్లో ఉండగా మనిషి చనిపోతే 2 లక్షలు వస్తాయి, కానీ క్లెయిమ్ చెయ్యాలి.

ఇంకో మాట. బ్యాంకు డిపాజిట్‌కి నామినీ అయినంత మాత్రాన డబ్బంతా ఆ ఒక్కరిది కాదు. నామినీ డబ్బు అందుకుంటారు, వారసుల వాటాలు వారసులవే. 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. కాబట్టి నామినీగా సంతకం పెడితే ఇంట్లో వాళ్ల హక్కు లాక్కున్నట్టు కాదు.

ఇదంతా చెప్పాక ఖాలా సంతకం పెట్టారు. మీ ఇంట్లోనూ పాత పాస్‌బుక్కులు, బాండ్లు ఉంటే ఒకసారి బయటికి తియ్యండి. ఫారం ఇచ్చాక రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.