ఇద్దరు బిడ్డలు, ఒక బండి



ఇంట నొక పసికందు పుట్టినప్పుడు అందరి చూపును ఉయ్యాలవైపునకు మరలును. కాని ఆ ఉయ్యాల అంచు పట్టుకొని నిలుచుండిన ఇరువది నెలల పిల్లవాడొకడు కలడు. నిన్నటివరకు తల్లి చంక వానిది, నేడు కాదు. వాడింకను దూరము నడువలేడు, నడువలేనని చెప్పనులేడు. నడిబాటలో చతికిలబడి చేతులు చాచును. మన యిండ్లలోనైనచో ఆ క్షణమున అమ్మమ్మయో, మేనత్తయో, పొరుగింటి పడుచో వానిని చంకనెత్తుకొని పోవును. అట్టివారెవ్వరును లేని దూరదేశమున తల్లి యొక్కతెయే యిద్దరిని వెంటబెట్టుకొని బయలుదేరవలసి వచ్చినప్పుడు కావలసినది, ఇద్దరిని మోయు తోపుడుబండి. దానిని లండనులో డబుల్ బగ్గీ యందురు; అమెరికాలో డబుల్ స్ట్రోలరందురు. నేడు మన తెలుగు కుటుంబములనేకము ఆ దేశములలో కాపురమున్నవి. కాన్పుసాయమునకు పోవు అమ్మమ్మలును నానమ్మలును ఆ బండిని త్రోయవలసినవారే గనుక, దానిని ఏరుకొనుటను గూర్చి నాకు అనుభవమునకు వచ్చిన సంగతులు చెప్పెదను.

2022వ సంవత్సరపు శీతకాలమున మా అమ్మాయి రెండవ కాన్పునకు నేను లండను పోయితిని. నేను చేరునప్పటికే మా అల్లుడుగారు బండిని తెప్పించి యుంచిరి. రెండు కుర్చీలు ప్రక్కప్రక్కన నుండు బండి. చూచుటకు ముచ్చటగా నుండెను. మొదటిసారి బయటికి తీయబోయిన దినముననే తెలిసినది, అది వాకిలి పట్టదని. బండి వెడల్పు 76 సెంటీమీటర్లు. తలుపురెక్క వెడల్పును 76 సెంటీమీటర్లే. రెండును సరిపోవునని వారనుకొనిరి. కాని తలుపు తెరచిన పిమ్మట దాని మందమును, చట్రపు అంచును పోగా మిగిలిన సందు 71 మాత్రమే. అల్లుడుగారు బండిని కొలిచిరి, తలుపును కొలిచిరి, సందును కొలువలేదు. బండిని వెనుకకు పంపివేయవలసి వచ్చినది. కావున అంగడికి పోకమునుపే కొలబద్ద తీసికొని, వీధితలుపు సందును, లిఫ్టు వాకిలిని, కారు వెనుక సామానుల చోటును కొలిచి కాగితముపై వ్రాసికొనవలెను. ప్రాతకాలపు లండను ఇండ్లలో లోపలి తలుపులు 68 సెంటీమీటర్లవియు కలవు.

ఈ బండ్లు ముఖ్యముగా రెండు తెగలు. కుర్చీలు ప్రక్కప్రక్కన నుండునవి యొకటి. ఒకదాని వెనుక నొకటి గాని, క్రిందుమీదుగా గాని యుండునవి రెండవది. మొదటివి సాధారణముగా 70 మొదలు 80 సెంటీమీటర్ల వెడల్పుండును. రెండవవి ఒంటిబండియంత వెడల్పే యుండి పొడవు హెచ్చుగా నుండును. ప్రక్కప్రక్కన కూర్చున్న బిడ్డలకు లోకము సమానముగా కనబడును. తగవులును సమానముగా జరుగును. కాని పెద్దవాడు 11 కిలోలు, చంటిది మూడున్నర కిలోలు అయినప్పుడు బండి యొకవైపునకు లాగుచుండును. వెనుకముందుల బండి ఇరుకు వాకిండ్లలో సులువుగా దూరును గాని, కాలిబాట గట్టు ఎక్కించునప్పుడు దాని కష్టము తెలియును. ముందు చక్రములు లేవవలెనన్న పిడిని క్రిందికి నొక్కవలెను. పెద్దవాడు ముందు కుర్చీలో నున్నచో వాని బరువు వెనుక చక్రములకు దూరమున పడును. ఎంత దూరమైన అంత బలముగా నొక్కవలెను. పొడవైన నిచ్చెనను ఒక కొన పట్టి లేపినవారికి ఈ మర్మమును వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక్కడ తల్లి దేహమును గూర్చి చెప్పవలెను. బండ్ల ప్రకటనలలో ఆ మాట కనబడదు. మా అమ్మాయికి శస్త్రచికిత్స చేసి బిడ్డను తీసిరి. అట్టి బాలింత తొలి ఆరు వారములు తన బిడ్డకంటె బరువైన దానిని ఎత్తరాదని వైద్యులు చెప్పుదురు. జంటబండి వట్టిదే 12 మొదలు 15 కిలోలుండును. మా లెక్క యిది: బండి 14, పెద్దవాడు 11, చంటిది మూడున్నర, గుడ్డలసంచి 3, మొత్తము ముప్పదియొకటిన్నర కిలోలు. చదునుబాటపై దీనిని త్రోయుట కష్టము కాదు. నాలుగు మెట్లు ఎదురైనచో అదే బండి కొండయగును. లండను భూగర్భ రైలుమార్గమున 272 స్టేషనులున్నవి. వీధినుండి ప్లాటుఫారమువరకు మెట్లు లేకుండ పోగలిగినవి వానిలో మూడింట నొకవంతు మాత్రమే. అంగడివాడు నున్నని నేలపై వట్టిబండిని ఒక వ్రేలితో త్రోసి చూపును. అది చూచి మోసపోవలదు. పెద్దవానిని కూర్చుండబెట్టి, రెండవ కుర్చీలో నాలుగు కిలోల బియ్యపుసంచి పెట్టి, వీధిలోనికి తీసికొనిపోయి గట్టు ఎక్కించి చూడుడు. అంగడివాడు నవ్విన నవ్వనిండు.

చంటిబిడ్డ మెడ నిలువదు. కూర్చున్నట్లు ఉంచినచో తల ముందునకు వ్రాలి, గడ్డము రొమ్మున కానుకొని, ఊపిరిదారి సన్నగిలును. కావున తనంతట తాను కూర్చుండు వరకు, అనగా సుమారు ఆరవ మాసము వరకు, బిడ్డ వెల్లకిల చదునుగా పరుండుటకు బండిలో చోటుండవలెను. కుర్చీ వెనుకకు వాలునన్న మాట చాలదు. ఎంత వాలునో చూడవలెను. కొన్ని బండ్లలో రెండు కుర్చీలలో నొక్కటియే పూర్తిగా వాలును. కారులోని పసికుర్చీని తెచ్చి బండిపై తగిలించు ఏర్పాటు కొన్నిటికి కలదు. నిద్రించు బిడ్డను కదల్చకుండ తేవచ్చును గనుక తల్లులకు అది ప్రియము. కాని ఆ కుర్చీ ప్రయాణరక్షణకై చేసినది, గంటలకొలది నిద్రకై చేసినది కాదు. మరియొకటి: ఎండ తగులునని బండిపై దుప్పటి కప్పెదరు. లోపల గాలి యాడక వేడి పెరుగును, బిడ్డ ముఖమును మనకు కనబడదు. గొడుగువంటి పైకప్పే మేలు.

ఇక మడచుట. 1965లో మెక్లారెన్ అను ఆంగ్లేయుడు బరువైన పిల్లలబండ్ల తిప్పలు చూచి, అల్యూమినియపు గొట్టములతో గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించెను. ఆయన స్పిట్‌ఫైరు యుద్ధవిమానపు చక్రముల పనిలో ఆరితేరిన యింజనీరు. అప్పటికే తాతయై యుండెను. ఆ బండి తూకము మూడు కిలోలకు లోపే. 1733లో డెవన్‌షైరు డ్యూకు బిడ్డలకై విలియం కెంటు చేసిన, మేక లాగు శంఖాకారపు బండినుండి ఇక్కడికి వచ్చుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది! కాని జంటబండి అంత తేలికగా నుండదు, అంత చిన్నదిగా ముడుచుకొనదు. లండను బస్సులలో నడుమనున్న ఖాళీ చోటు మొదట చక్రాల కుర్చీవారిది. డ్రైవరు బగ్గీవారిని ఒక్కమారు అడిగి ఊరకుండిన చాలదని 2017లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పినది. అది న్యాయమే. కాని అట్టి సమయమున తల్లి చంటిదానిని ఒక చేత పట్టుకొని, పెద్దవానిని మోకాళ్ల సందున నిలుపుకొని, మిగిలిన చేతితో బండిని మడువవలెను. మడువలేనిచో దిగిపోవలెను. వానలో మే మొకమారు దిగిపోయితిమి. కాబట్టి బండిని ఒంటిచేత మడువగలరో లేదో కొనకమునుపే చూచుకొనుడు. మడచునప్పుడు పిల్లల వ్రేళ్లు కీళ్లలో నలుగు ప్రమాదము కలదు. 2009లో అమెరికాలో ఈ కారణముననే సుమారు పది లక్షల బండ్లను సరిదిద్దింపవలసి వచ్చినది. పెద్దవానిని దూరముగా నిలిపి మడువవలెను.

బ్రేకు ఒక్క త్రొక్కుడుతో రెండు చక్రములను బిగింపవలెను. ప్లాటుఫారములు కొన్ని పట్టాలవైపు వాలి యుండును. 2009 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో తల్లి చేయి ఒక్క క్షణము విడిచినంతనే బండి దొరలి రైలుముందు పడినది. బిడ్డ బ్రతికి బయటపడుట అదృష్టము. పిడికి సంచులు తగిలించుట వేరొక పొరపాటు. ముందు కుర్చీలోని పెద్దవాడు దిగిన మరుక్షణము బండి చంటిబిడ్డతో సహా వెనుకకు తిరుగబడును. ఐరోపా ప్రమాణమైన ఇ.ఎన్. 1888 గుర్తు బండిపై నున్నదో లేదో, ఒక్కొక్క కుర్చీ ఎన్ని కిలోలు మోయునో చీటీపై చదువవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు కొలతలు, తూకములు. మాకు అన్నిటికంటె కష్టమైనది వేరు. వాకిలి పట్టని బండిని పంపివేసిన పిమ్మట పొరుగువారు క్రిందుమీదుల బండి నొకదానిని ఎరువిచ్చిరి. చంటిదానిని పైన తల్లికెదురుగ పరుండబెట్టి, పెద్దవానిని క్రింది కుర్చీలో కూర్చుండబెట్టితిమి. వాడు వీధిచివర వరకు ఏడ్చెను. మరునాడు బండిని చూచుటతోనే ఏడ్చెను. వాని ముఖమునకెదురుగా బాటసారుల కాళ్లు తప్ప మరేమియు లేవు. ఆ స్థలమున నేను కూర్చున్నను ఏడ్చియుందును. మూడవనాడు అల్లుడుగారు కుర్చీలను మార్చిరి. చంటిది క్రింద చదునుగా నిద్రపోయెను. ఆ వయసున దానికి చూడవలసిన లోకము లేదు. పెద్దవాడు పైన తల్లి ముఖమునకెదురుగా కూర్చుండి దారి పొడవునను కబుర్లు చెప్పెను. కావున కుర్చీలను మార్చుటకు వీలున్నదా, పెద్దబిడ్డ తల్లిని చూచుచు కూర్చుండగలడా అను ప్రశ్నను అంగడిలో తప్పక అడుగుడు. బండి రంగును గూర్చి తరువాత విచారింపవచ్చును.

అసలు జంటబండి అందరికిని అవసరమా? బాలింత ఆరోగ్యముగా నున్నచో చంటిదానిని జోలెలో రొమ్మునకు కట్టుకొని, పెద్దవానిని ప్రాత ఒంటిబండిలో త్రోసికొని పోవచ్చును. జోలెలో బిడ్డ ముఖము కనబడవలెను, గడ్డము రొమ్మున కానరాదు. పెద్దబిడ్డకు మూడేండ్లు దగ్గరపడినచో ఒంటిబండి వెనుక తగిలించు నిలుపుడుపలక చాలును; వాడు దానిపై నిలుచుండి స్వారి చేయును. రెండేండ్లు నిండని వానికి అది చాలదు, నిలుచుండియే నిద్రపోవును. జంటబండి పని ఏడాది, ఏడాదిన్నర మాత్రమే గనుక వాడినదానిని కొనుట తప్పు కాదు. కొనునప్పుడు బ్రేకును, కట్టుపట్టీలను, మడత కీళ్లను పరీక్షింపవలెను.

దానిని హైదరాబాదునకు తెచ్చికొందుమా యని మా అమ్మాయి అడిగెను. మెట్రో స్టేషనులలో లిఫ్టులున్నవి గాని, స్టేషను చేరువరకు కాలిబాట ఎక్కడ నుండి ఎక్కడికి పోవునో, ఎక్కడ తెగునో చెప్పలేము. పైగా ఇక్కడ పెద్దవానిని ఎత్తుకొనువారు పదిమంది. వలదంటిని. చివరకు వాడినదే యొకటి, క్రిందుమీదులదే, కొనిరి. పదునాలుగు నెలలు వాడి, అదే వీధిలో కాన్పునకు సిద్ధముగానున్న మరియొక యింటికి ఇచ్చివేసిరి. అప్పటికి పెద్దవాడు అందులో కూర్చుండుటయే మానెను. చెల్లెలు పై కుర్చీకి వచ్చినది. వాడు ప్రక్కనుండి పిడి పట్టుకొని, బండిని తానే త్రోయుచున్నానని దారిన పోవువారికెల్ల చెప్పుచుండెను.