పెద్దప్రేగు లేని జీవితం
వంశపారంపర్యపు పాలిపోసిస్‌కు మూలమైన ఏ.పి.సి. జన్యువును 1991లో గుర్తించారు. లోపం తల్లిదండ్రులలో ఒకరికున్నా, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. పెద్దప్రేగులో వందలాది బుడిపెలు మొలుస్తాయి. ప్రేగును తొలగించకుంటే దాదాపు తప్పక క్యాన్సరు వస్తుంది. అందువల్ల బాధేమీ తెలియని యౌవనంలోనే శస్త్రచికిత్సకు సిద్ధపడవలసి వస్తుంది.

1978లో లండనులో పార్క్స్, నికల్స్ అను వైద్యులు చిన్నప్రేగు కొసను సంచిగా మలచి మలద్వారానికి కలిపే పద్ధతిని ప్రకటించారు. చాలామందికి పొట్టపై శాశ్వతంగా సంచి ధరించే అవసరం తప్పింది. అయితే నీటిని పీల్చుకొనే అవయవం పోయినందున రోజుకు నాలుగైదు విరేచనాలు సాధారణం. ఉప్పు కలిపిన మజ్జిగ మేలు. ఆవకాయ మంట పుట్టించవచ్చు. స్త్రీలకు గర్భధారణ అవకాశం తగ్గవచ్చు కనుక, ఆ సంగతి ముందే వైద్యునితో చర్చించాలి.

స్వదేశంలో ‘కడుపునొప్పితో పోయారు’ అని మాత్రమే చెప్పుకొనే తాతగారి కథను ఇక్కడి వైద్యునికి తెలుపడమే మనుమలకు తొలి రక్ష.