డ్రమ్ము దిగి డిస్కు ఎక్కిన మోరిస్ మైనర్

1948లో లండన్‌లోని ఎర్ల్స్ కోర్ట్ మోటార్ షోలో మోరిస్ మైనర్ మొదటిసారి జనం ముందుకు వచ్చింది. ఇంజిన్ 918 సీసీ. గంటకు వంద కిలోమీటర్లు అందుకోవాలంటేనే రొప్పేది. అలెక్ ఇస్సిగోనిస్ రూపుదిద్దిన ఈ చిన్న కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఆ వేగానికి అవి సరిపోయాయి. ఇప్పుడు బ్రిటన్‌లో ప్రేమగా కాపాడుకుంటున్న మైనర్లలో కొన్నింటి బానెట్ ఎత్తి చూస్తే 1275 సీసీ ఇంజిన్ కనిపిస్తుంది. బండి బలం పెరిగింది కాబట్టి ఆపే బలమూ పెరగాలి. అందుకే ముందు చక్రాలకు డిస్కులు వేయిస్తున్నారు. ఈ మార్పిడి గురించి రాయడానికి నాకు ఒకటే కారణం. డిస్కు బిగించడం ఇందులో తేలికైన పని. అసలు పనంతా పెడల్‌కూ చక్రానికీ మధ్య ఉంటుంది.

డ్రమ్ము పనితీరు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము లోపల వంపు తిరిగిన రెండు షూలు ఉంటాయి. పెడల్ తొక్కగానే వీల్ సిలిండర్లు వాటిని బయటికి నెడతాయి. లైనింగ్ తగలగానే, తిరుగుతున్న డ్రమ్ము ఆ షూను తన వెంట ఈడ్చుకుని ఇంకా గట్టిగా తనకే అదుముకుంటుంది. అంటే మన కాలు ఇచ్చే బలం కొంతే, మిగతాది తిరుగుతున్న చక్రమే సమకూరుస్తుంది. మైనర్ ముందు చక్రాల్లో రెండు షూలూ ఇలా సాయపడేలా అమర్చారు. అందుకే కాలి బలాన్ని పెంచే సర్వో లేకపోయినా మామూలు కాలి బలంతోనే కారు ఆగేది. వెనక్కి వెళ్తున్నప్పుడు మాత్రం ముందు చక్రాలకు ఆ సాయం ఉండదు. ఎత్తు మీద వెనక్కి జారే మైనర్‌ను నిలపాలంటే మరింత గట్టిగా తొక్కాల్సిందే.

డిస్కుకు ఈ గుణం లేదు. ప్యాడ్లు రెండు వైపుల నుంచీ సూటిగా నొక్కుతాయి. ఎంత నొక్కితే అంత పట్టు, అంతకు మించి ఏమీ రాదు.

మరి డిస్కు ఎందుకు? వేడి వల్ల. మనుషులతో కలిపి వెయ్యి కిలోలున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే సుమారు 2.5 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. ముప్పావు లీటరు చన్నీళ్లను మరిగించేంత వేడి అది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. లైనింగ్ పట్టు కూడా సడలుతుంది. పెడల్ కిందికి దిగిపోతుంటుంది, బండి మాత్రం ఆగదు. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కనుక త్వరగా చల్లారుతుంది. వేడికి మందం పెరిగినా ప్యాడ్ల వైపే పెరుగుతుంది. మన పాత అంబాసిడర్‌ది కూడా మోరిస్ కుటుంబమే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దాని మాతృక. తొలినాటి అంబాసిడర్లలోనూ నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అనుభవమున్న డ్రైవర్లు చిన్న గేరు వదలకపోవడం వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

డిస్కు కొత్త ఆలోచన కాదు. బర్మింగ్‌హామ్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడిన రాగి ప్యాడ్లు చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి, ఆనాటి దుమ్ము రోడ్ల మీద ఇట్టే అరిగిపోయేవి. ఆలోచన సరైనదే, దానికి తగ్గ పదార్థం అప్పటికి లేదు. దాంతో అర్ధ శతాబ్దం పాటు కార్లను డ్రమ్ములే ఏలాయి. విమాన చక్రాల బ్రేకులతో అనుభవం గడించిన డన్‌లప్ కంపెనీ, జాగ్వార్‌తో కలిసి డిస్కును మళ్లీ కారుకు తెచ్చింది. 1952లో రేసు డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ ఆ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్‌తో ఫ్రాన్స్‌లోని రాన్స్ పందెం గెలిచాడు. మరుసటి ఏడాది లె మాన్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సి-టైప్ సగటున గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో మొదటి స్థానంలో నిలిచింది. 1955 లె మాన్‌కు డ్రమ్ములతోనే వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్, వేగం తగ్గించుకోవడానికి డ్రైవర్ వెనుక పెద్ద రేకు పలకను గాలికి ఎదురుగా పైకి లేపేది. డ్రమ్ము శక్తి ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికి ఆ పలక ఒక్కటి చాలు.

ఈ విజయగాథల్లో చాలామంది వదిలేసే వివరం ఒకటుంది. ఆ సి-టైప్ డిస్కులకు డ్రైవర్ కాలి బలం ఒక్కటే ఆధారం కాదు. గేర్‌బాక్స్ తిప్పే పంపు ఒకటి ఆయిల్ ఒత్తిడిని పెంచేది. 1955లో డిస్కులతో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌లోనూ బ్రేకులకు ఒత్తిడి ఇచ్చేది పంపే. డ్రమ్ము తనంతట తాను చేసుకునే సాయాన్ని డిస్కుకు బయటి నుంచి అందించాలని ఆ ఇంజినీర్లకు తెలుసు. మైనర్‌కు డిస్కులు వేసేవాళ్లు గుర్తుంచుకోవలసిందీ అదే.

ఇక షెడ్డులోకి వద్దాం. 1971లో వచ్చిన మోరిస్ మెరీనా ముందు సస్పెన్షన్‌ను మైనర్ నుంచే తీసుకున్నారు. అందువల్ల మెరీనా డిస్కులు, వాటి ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్లు కొద్దిపాటి మార్పులతో మైనర్‌కు సరిపోతాయి. చక్రం బిగించాక చేత్తో తిప్పి, రిమ్ముకూ కాలిపర్‌కూ మధ్య ఖాళీ ఉందో లేదో చుట్టూ చూసుకోవాలి.

కష్టమంతా, పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర. మైనర్‌లో అది డ్రైవర్ కాళ్ల కింద, ఛాసిస్ లోపల ఉంటుంది. ఆయిల్ పోయాలంటే కార్పెట్ ఎత్తి, నేలలోని మూత తీయాలి. సిలిండర్ విప్పాలంటే బోల్టులు బయటికి రాకుండా టార్షన్ బార్ అడ్డం వస్తుంది. ఇంత కష్టపడి విప్పినప్పుడు దాని కొసన ఉండే చిన్న చెక్ వాల్వు సంగతి కూడా చూడాలి. డ్రమ్ము లైనులో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచడం ఆ వాల్వు పని. షూలను వెనక్కి లాగే స్ప్రింగులు బలమైనవి కాబట్టి డ్రమ్ముకు ఆ ఒత్తిడితో నష్టం లేదు. డిస్కుకు అలాంటి స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలిపడి, తిరిగి సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. పాత వాల్వు అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును వదలవు. పెడల్ తొక్కి వదిలాక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బరువుగా తిరిగితే మొదట అనుమానించాల్సింది ఆ వాల్వునే.

తర్వాత సర్వో. ఇంజిన్ మానిఫోల్డ్ వాక్యూమ్‌తో పనిచేసే సర్వోను లైను మధ్యలో అమర్చితే కాలి శ్రమ తగ్గుతుంది. దానితో ఇంకో చిక్కు వస్తుంది. వెనుక చక్రాలకు డ్రమ్ములే ఉంచుతారు, హ్యాండ్ బ్రేకు పనిచేసేది వాటి మీదే కదా. డిస్కుల కోసం పెంచిన ఒత్తిడి వాటికీ చేరితే, తమకు తాము సాయం చేసుకునే ఆ డ్రమ్ములు అవసరానికి మించి పట్టేస్తాయి. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలి వెనుక చక్రాలు తేలికవుతాయి. అవి ముందుగా లాక్ అయితే బండి గిర్రున తిరుగుతుంది. వెనుక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టడమో, వెనుక వీల్ సిలిండర్లు చిన్నవి వేయడమో చేయాలి. నా దృష్టిలో ఇది చేయని మార్పిడి పాత డ్రమ్ముల కన్నా ప్రమాదకరం.

అసలు ఇంజిన్‌తో నెమ్మదిగా నడిచే మైనర్‌కు డిస్కులు అక్కర్లేదు. కొత్త లైనింగులు వేసి షూలు సరిగ్గా అడ్జస్ట్ చేయిస్తే చాలు. పెద్ద ఇంజిన్ వేయదలచుకుంటే మాత్రం బ్రేకుల పని పూర్తయ్యాకే ఇంజిన్ జోలికి వెళ్లండి. పాత డ్రమ్ములు విప్పేటప్పుడు ధూళిని నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవాలి. విప్పిన డ్రమ్ములు, షూలు, సిలిండర్లు పాత సామాను వాడికి అమ్మేయకండి. పేర్లు రాసి దాచండి. ఆ కారును మీ తర్వాత తీసుకునేవాళ్లు దాన్ని పుట్టినప్పటి రూపంలో చూడాలనుకోవచ్చు.