చౌక అంగళ్లు ఏల మూతపడును?

వర్తకము గొప్ప విద్య. తక్కెడ పట్టుటయు, లెక్క వ్రాయుటయు మాత్రమే దానికి చాలవు. ఏ సరకు కొనవలెను, ఎంత కొనవలెను, ఎవరి సొమ్ముతో కొనవలెను అను మూడు ప్రశ్నలకు దినదినము సరియైన సమాధానము చెప్పగలిగినవాడే అంగడిని నిలుపుకొనగలడు. వేలూరు లాంగు బజారులోను, గుడియాత్తము బజారు వీథులలోను అంగళ్లు నడుపుకొని బ్రదుకుచున్న తెలుగు కుటుంబములు కలవు. మన పాఠశాల పిల్లలలో కొందరు సాయంకాలము ఇల్లు చేరగానే అంగడిలో తండ్రికి చేదోడుగా నిలుచువారే. అట్టివారికి ఉపకరించునను తలంపుతో, చెన్నపట్టణమున పుట్టి, దేశమున పలు రాష్ట్రములకు వ్యాపించి, కొలది మాసములలో మూతపడిన "సుభిక్ష" అంగళ్ల చరిత్రమును ఇచట వివరింప బూనితిమి.

సుభిక్షమను మాట మనకు క్రొత్తది కాదు. వానలు కురిసి, పంటలు పండి, అడిగినవానికి లేదనక పెట్టగలిగిన కాలమును సుభిక్షమందురు. దుర్భిక్షము దానికి వ్యతిరేకము. 1997 లో ఆర్. సుబ్రమణియన్ అను నాయన చెన్నైలోని తిరువాన్మియూరులో ఈ పేరుతో మొదటి అంగడిని తెరచెను. ఆయన మద్రాసు ఐ.ఐ.టి. లోను, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎమ్. లోను చదివినవాడు. బియ్యము, పప్పు, సబ్బులు, మందులు మొదలగు నిత్యావసర వస్తువులను పొట్లముపై అచ్చువేసిన ధరకంటె తక్కువకు అమ్ముటయే ఆ అంగళ్ల ప్రత్యేకత.

తక్కువకు అమ్మి లాభము సంపాదించుట ఎట్లు సాధ్యమని విద్యార్థులు అడుగవచ్చును. అందులో మాయ ఏమియు లేదు. మొదటిది, ఖర్చు తగ్గించుట. సుభిక్ష అంగళ్లు పెద్ద వీథులలో గాక, బాడుగ తక్కువయైన ప్రక్కవీథులలో ఉండెడివి. వాటిలో చల్లని గాలి యంత్రములు గాని, అద్దాల అలంకారములు గాని లేవు. రెండవది, సరకు కొనుటలో చాకచక్యము. అనేక అంగళ్లకు కావలసిన సరకును ఒక్కమారుగా కొని, సొమ్ము వెంటనే చెల్లించిన, తయారీదారులు ధర తగ్గించి ఇత్తురు. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, సరకు త్వరగా అమ్ముడుపోవుట. దీనిని ఒక లెక్కతో తెలిసికొందము.

ఒక అంగడివాడు లక్ష రూపాయల సరకు కొని, నూటికి పది రూపాయల లాభముతో రెండు నెలలలో అమ్ముచున్నాడనుకొందము. సంవత్సరములో ఆ లక్ష ఆరు మారులు తిరుగును. అతని మొత్తము లాభము 60,000 రూపాయలు. వేరొకడు నూటికి నాలుగు రూపాయల లాభమే పెట్టుకొనెను. ధర తక్కువ గనుక జనము అతని యొద్దకే వచ్చిరి. అతని సరకు పదునైదు దినములలో అమ్ముడుపోయెను. సంవత్సరములో అతని లక్ష ఇరువది నాలుగు మారులు తిరుగును. అతని లాభము 96,000 రూపాయలు. నూటికి నాలుగే మిగుల్చుకొన్నవాడు నూటికి పది మిగుల్చుకొన్నవానిని మించిపోయెను. చౌక అంగడి రహస్యమంతయు ఇంతే.

అయితే ఈ లెక్కలోనే ప్రమాదమును దాగియున్నది. ఆ రెండవవాని లక్ష నూటికి పదునైదు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అనుకొందము. వ్యాపారము బాగుగా సాగినంత కాలము 96,000 లో 15,000 వడ్డీకి పోయినను 81,000 మిగులును. దానితో బాడుగయు, జీతములును ఇచ్చుకొనవచ్చును. ఏ కారణము చేతనో సరకు సగము తగ్గి, వచ్చినవారు కావలసినవి దొరకక వెనుదిరిగి, పదునైదు దినములలో తిరుగవలసిన సొమ్ము రెండు నెలలకు తిరిగెననుకొందము. అప్పుడు లాభము 24,000 మాత్రమే. వడ్డీ పోగా మిగులునది 9,000. బాడుగ తగ్గదు, జీతములు తగ్గవు, వడ్డీ అసలే తగ్గదు. నూటికి పది లాభము గలవానికి ఒక చెడ్డ మాసమును దాటు ఓపిక యుండును. నూటికి నాలుగు లాభము గలవానికి ఆ ఓపిక యుండదు.

సుభిక్ష చరిత్రము ఈ లెక్కకు చక్కని ఉదాహరణము. మొదటి యెనిమిదేండ్లు ఆ సంస్థ నిదానముగా పెరిగెను. 2000 సంవత్సరములో ఐ.సి.ఐ.సి.ఐ. వెంచర్ అను పెట్టుబడి సంస్థ అందు భాగము తీసికొనెను. 2005 ప్రాంతమునకు తమిళనాడులోనే సుమారు 150 అంగళ్లు నడచుచుండెను. ఊరు తెలిసినది, భాష తెలిసినది, గిడ్డంగి దగ్గర. కనుక నిర్వహణము సుకరముగా నుండెను. తరువాత యాజమాన్యము దేశమంతట వ్యాపింప దలచెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాతు, ఢిల్లీ మొదలగు చోట్ల అంగళ్లు వరుసగా వెలసెను. పచారీ సరకులతోను, మందులతోను తృప్తిపడక సెల్‌ఫోన్ల అమ్మకమును గూడ చేపట్టిరి. 2008 నాటికి అంగళ్ల సంఖ్య సుమారు 1,600 అయ్యెను. మూడు నాలుగేండ్లలో పదిరెట్లు!

ఈ పెరుగుదలకు సొమ్ము ఎచ్చటినుండి వచ్చెను? అధిక భాగము అప్పు. బ్యాంకులకు చెల్లింపవలసినది సుమారు 750 కోట్ల రూపాయలని ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఇచట విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి కలదు. 2008 లో అజీమ్ ప్రేమ్‌జీకి చెందిన పెట్టుబడి సంస్థ 230 కోట్ల రూపాయలు చెల్లించి సుభిక్షలో పదవ వంతు భాగమును కొనెను. ఈ వార్త చదివినవారు సంస్థకు గొప్ప ధనబలము చేకూరెనని తలచియుందురు. కాని ఆ భాగమును అమ్మినది ఐ.సి.ఐ.సి.ఐ. వెంచర్, సొమ్ము పోయినది ఆ సంస్థకే. అంగడి పెట్టెలోనికి దానివలన ఒక్క రూపాయియు రాలేదు. భాగస్తుడు మారుట వేరు, మూలధనము పెరుగుట వేరు. ఒక సంస్థ విలువను గూర్చి పత్రికలలో పెద్ద అంకెలు కనబడినప్పుడెల్ల, ఆ సొమ్ము ఎవరి చేతికి పోయినదని అడుగుట మంచిది.

క్రొత్త మూలధనము షేర్ల మూలమున వచ్చునని యాజమాన్యము ఆశించెను. కాని కాలము అనుకూలింపలేదు. 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్సు అక్టోబరునాటికి 9,000 కంటె దిగువకు పడిపోయెను. సెప్టెంబరు 15 వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను పెద్ద సంస్థ దివాలా ప్రకటించుటతో ప్రపంచమందంతట బ్యాంకులు చేతులు ముడుచుకొనెను. నూతనముగా అప్పు పుట్టుట దుర్లభమయ్యెను. చేతిలో రొక్కము లేనందున సుభిక్ష సరకు కొనలేకపోయెను. సరకు లేని అంగడికి జనము రారు. జనము రానిదే రొక్కము రాదు. రొక్కము లేనిదే సరకు రాదు. ఈ చక్రము ఒకమారు తలక్రిందులుగా తిరుగనారంభించిన పిదప ఆపుట కష్టము.

2009 ఆరంభమున అంగళ్లు మూతపడెను. సరకు ఇచ్చినవారికి బాకీలు, ఇంటి యజమానులకు బాడుగలు, పనివారికి జీతములు నిలిచిపోయెను. కాపలా కాయువారికిని సొమ్ము అందక వారు తొలగిపోగా, కొన్ని అంగళ్లు దోపిడికి గురియైనవి. అప్పటికి ఆ సంస్థలో సుమారు 15,000 మంది పనిచేయుచుండిరని చెప్పుదురు. బ్యాంకులతో రాజీ యత్నములు ఫలింపలేదు. 2012 లో మద్రాసు హైకోర్టు ఆ సంస్థను మూసివేయ ఉత్తర్వు చేసెను. "వాపును చూచి బలుపు అనుకొన్నట్లు" అని మన పెద్దలు చెప్పు సామెతకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి వెదకనక్కరలేదు.

ఇది మన దేశమునకే పరిమితమైన కథ కాదు. అమెరికాలో ఫ్రాంక్ వుల్‌వర్త్ 1879 లో ఐదు సెంట్లకు, పది సెంట్లకు వస్తువులమ్ము అంగళ్లను ఆరంభించి లోకప్రసిద్ధి గాంచెను. ఆ పేరుతో ఇంగ్లండులో మొదటి అంగడి 1909 లో లివర్‌పూలులో వెలసెను. దాదాపు నూరేండ్లు నడచిన పిదప, సుభిక్ష కుప్పకూలిన ఆ దినములలోనే, అనగా 2008 డిసెంబరు చివరినుండి 2009 జనవరి మొదటి వారమువరకు, ఇంగ్లండు మొదలగు చోట్ల 807 వుల్‌వర్త్స్ అంగళ్లును మూతపడెను. కాలిఫోర్నియాలో 1982 లో పుట్టిన "99 సెంట్స్ ఓన్లీ" అను సంస్థ 2024 ఏప్రిలులో తన 371 అంగళ్లను మూయుచున్నట్లు ప్రకటించెను. మన దేశమున బిగ్ బజారు అను పెద్ద అంగళ్ల సంస్థ అప్పులలో మునిగి, 2022 లో తన అంగళ్లలో అనేకమును పోగొట్టుకొనెను. దేశములు వేరు, కాలములు వేరు. ఐనను తక్కువ లాభముతో నడచు అంగడికి అప్పు పెరుగుటయు, సరకు తిరుగుట మందగించుటయు ఒక్కమారే సంభవించినచో నిలుచుట దుస్తరమని అన్నిచోట్లను కనబడుచున్నది.

ఇంతమాత్రమున చౌకగా అమ్ముట తప్పని మేము చెప్పుట లేదు. పేద కుటుంబమునకు నెలసరి సరకులలో నూరు రూపాయలు మిగిలిన, అది ఒక పిల్లవాని నోటుపుస్తకములగును. సుభిక్ష తమిళనాడులో నడచిన తొలి సంవత్సరములలో వేలకొలది కుటుంబములకు ఈ మేలు చేసెను. అంగడికి ధర్మమైన బాడుగ, పనివానికి సకాలమున జీతము, సరకిచ్చినవానికి గడువులోపల సొమ్ము చెల్లించి, ఆపై ధర తగ్గించిన అది నిజమైన చౌక. వీరిలో నెవరికో ఎగవేసి తగ్గించిన ధర చౌక కాదు; ఆ తగ్గిన భాగమును వేరొకరు మోయుచున్నారు. ఆ మోయువాడు మన కంటికి కనబడడు గనుక మనము దానిని లాభమనుకొందుము.

ఈ సంగతి గుడియాత్తము వాసులకు మరింత సులభముగా బోధపడును. ఆ యూరు లుంగీలకును, అగ్గిపెట్టెలకును పేరుపడినది. నూలు కొని, అద్దకము వేయించి, పడుగు పేకలు సరిచేసి, నేసి, మడతపెట్టి పంపిన సరకునకు సొమ్ము దూరదేశపు కొనుగోలుదారునినుండి రావలెను. ఆ కొనుగోలుదారు ఒక నెల ఆలస్యము చేసిన, వర్తకుడు నూలు అంగడివానికి ఆలస్యము చేయును. పనివాని కూలి ఆ తరువాత వచ్చును. పెద్ద అంగళ్ల సంస్థ మూతపడినదని పత్రికలో రెండు వాక్యముల వార్త వచ్చును. దాని వెనుక ఎన్ని ఊళ్లలో ఎన్ని మగ్గములు, ఎన్ని చిన్న కర్మాగారములు ఊపిరి బిగబట్టుకొని యుండునో ఆ వార్తలో నుండదు. ఒకే కొనుగోలుదారుని నమ్మి సరకంతయు వానికే అప్పుపై పంపువాడు, ఆ కొనుగోలుదారుని అదృష్టమునకు తన బ్రదుకును ముడివేసికొనుచున్నాడు. అందుచేత సరకు పలువురికి పంపుటయు, బాకీకి హద్దు పెట్టుటయు చిన్న వర్తకునికి కవచములు.

మన చిన్న అంగళ్లును ఈ పరీక్షకు అతీతములు కావు. నేడు ఇంటి వాకిటికే సరకులు తెచ్చియిచ్చు సంస్థలు వచ్చియున్నవి. వాటి ధరలకు పోటీగా మన ధరలను తగ్గింపవలెనని కొందరు తొందరపడుచున్నారు. రెండవ అంగడి తెరచుటకు వడ్డీ సొమ్ము తెచ్చుటకు గూడ వెనుదీయుట లేదు. వారిని నిరుత్సాహపరచుట మా యుద్దేశము కాదు. మొదటి అంగడి తన లాభముతో రెండవ అంగడికి కొంతయైనను మూలధనము సమకూర్చగలిగెనా? రెండవ అంగడిని చూచుకొనుటకు నమ్మకమైన మనిషి కలడా? ఆరు మాసములు అమ్మకము తగ్గినను వడ్డీ కట్టగలమా? ఈ ప్రశ్నలకు అవునను సమాధానము వచ్చిన పిమ్మట తెరచిన అంగడికి పునాది గట్టిగా నుండును. "అరువు సొమ్ము బరువు చేటు" అను సామెత అప్పే వలదని చెప్పుట లేదు; మోయగలిగినంతయే తల కెత్తుకొనుమని చెప్పుచున్నది.

వాణిజ్యశాస్త్రము చదువు పై తరగతి విద్యార్థులకు మేము ఒక చిన్న పని నప్పగించుచున్నాము. మీ ఇంటిలో గాని, మీ వీథిలో గాని ఉన్న అంగడికి పోయి, యజమాని అనుమతితో మూడు సంగతులు కాగితముపై వ్రాయుడు. ఒక బియ్యపు మూట వచ్చిన దినమునుండి అమ్ముడుపోవు దినమువరకు ఎన్ని దినములు పట్టును? ఖాతాపై ఇచ్చిన సరకునకు సొమ్ము ఎన్ని దినములకు తిరిగి వచ్చును? సరకు ఇచ్చినవానికి ఎన్ని దినములలో చెల్లింపవలెను? మొదటి రెండింటిని కూడి, మూడవదానితో పోల్చుడు. చెల్లింపవలసిన గడువుకంటె సొమ్ము వచ్చు గడువు ఎంత ఎక్కువయో, అన్ని దినముల ఖర్చునకు ఆ యజమాని తన సొంత సొమ్మునో, అప్పునో పెట్టుచున్నాడన్నమాట. ఆ అంతరమును తగ్గించు ఉపాయము నొకదానిని మీరు ఆలోచించి ఆ యజమానికి చెప్పగలిగినచో, మీ పాఠ్యపుస్తకము మీకు నిజముగా వంటబట్టినదని మేము సంతోషింతుము.