బందెలదొడ్డి

పంటచేలో పడి మేసిన పశువును పట్టి, తోలుకొనిపోయి, యజమాని వచ్చి విడిపించుకొనేదాకా బంధించి ఉంచే ప్రభుత్వపు దొడ్డిని మన పెద్దలు బందెలదొడ్డి అనేవారు. నేటి విద్యార్థులలో చాలామంది ఈ మాట విని ఉండకపోవచ్చు. ఊరి చివర నడుమెత్తు రాతిగోడ, దానికొక తలుపు, లోపల నీడకొక చెట్టు, దాని కింద ఒక నీళ్లతొట్టి. ఇంచుమించు ఇంతే దాని స్వరూపం. అనేక గ్రామాలలో ఆ గోడలు కూలిపోయాయి. స్థలం మాత్రం పాత పేరుతోనే పిలువబడుతూ ఉంటుంది. గోడ కూలితే తిరిగి కట్టవచ్చు. అయితే బందెలదొడ్డి విషయంలో కూలినది గోడ ఒక్కటే కాదు, ఆ దొడ్డిని పోషించిన లెక్క కూడా కూలింది. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతంలో కొత్త దొడ్డి కట్టాలని తలపెట్టేవారు ముందుగా ఆ లెక్క ఏమిటో తెలుసుకోవాలి.

బందెలదొడ్డికి ఆధారం 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం. ఆనాటికి ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. చేను పాడుచేస్తున్న పశువును రైతు స్వయంగా పట్టుకోవచ్చునని, ఇరవైనాలుగు గంటలలోగా దానిని దొడ్డికి చేర్చాలని ఆ చట్టం చెప్పింది. దొడ్డి కాపరి ఒక పుస్తకం ఉంచాలి. అందులో పశువు ఆనవాళ్లు, అది వచ్చిన రోజు, గంట, పట్టి తెచ్చినవారి పేరు, తెలిసినంతవరకు యజమాని పేరు రాయాలి. యజమాని జరిమానాతోపాటు మేతఖర్చు, నీటిఖర్చు చెల్లించి పశువును విడిపించుకోవాలి. ఏడు రోజులలో ఎవరూ రాకపోతే కాపరి పోలీసు ఠాణాకు తెలపాలి. అక్కడ ప్రకటన అంటించి, ఊళ్లోనూ దగ్గరి సంతలోనూ దండోరా వేయించాలి. మరి ఏడు రోజులు చూసి, అప్పటికీ యజమాని రాకపోతే పశువును బహిరంగ వేలంలో అమ్మాలి. ఆ వేలంలో దొడ్డి కాపరి గాని, సంబంధిత అధికారి గాని పాట పాడరాదని కూడా చట్టంలో ఒక నిబంధన ఉన్నది. చట్టం రాసినవారికి మనుషుల స్వభావం బాగానే తెలుసునన్నమాట!

ఆ చట్టంలోని జరిమానాల పట్టిక చదవడానికి వినోదంగా ఉంటుంది. ఏనుగుకు రెండు రూపాయలు. ఒంటెకు, గేదెకు ఎనిమిది అణాలు. గుర్రానికి, ఎద్దుకు, ఆవుకు నాలుగు అణాలు. దూడకు, గాడిదకు, పందికి రెండు అణాలు. గొర్రెకు, మేకకు ఒక అణా. ఈ పట్టికలో గమనించదగినది జరిమానా మొత్తం కాదు, దానికీ పశువు విలువకూ మధ్య ఉన్న దూరం. దుక్కిటెద్దు రైతుకు ఇంటి ఆస్తి. అది లేకపోతే తొలకరికి నాగలి కదలదు. అందుచేత అతడు నాలుగు అణాలు అప్పు తెచ్చి అయినా, ఆ సాయంత్రమే దొడ్డి దగ్గరకు పరుగెత్తేవాడు. పశువు దొడ్డిలో ఉండేది ఒకటి రెండు రోజులు. మేతఖర్చు కాపరికి చెల్లేది. యజమాని రాని పశువుకు కూడా వేలంలో కొనేవాడు దొరికేవాడు. కాబట్టి దొడ్డికి ఎవరూ విరాళం ఇవ్వనక్కరలేకపోయింది. పశువుకు విలువ ఉన్నంతకాలం దొడ్డి తన ఖర్చు తానే సంపాదించుకొన్నది.

ఆ విలువే ఇప్పుడు మారిపోయింది. దుక్కికి ట్రాక్టరు వచ్చింది. కృత్రిమ గర్భధారణ వచ్చినందున ఆంబోతు అవసరం తగ్గింది. జెర్సీ వంటి సంకరజాతి ఆవుకు పుట్టిన కోడెదూడ ఎండకు ఓర్వలేదు. మూపురం లేకపోవడంచేత కాడికి కూడా అంతగా పనికిరాదు. పాలు మరచిన ఆవుది, పనిలేని కోడెది ఒకటే గతి. తాడు విప్పి వదిలివేయడం రైతుకు ఖర్చు లేని మార్గమైంది. 2019 పశుగణనలో మన దేశంలో యజమాని లేక తిరిగే ఆవులు, ఎద్దులు కలిసి యాభై లక్షలకు పైగా ఉన్నట్లు తేలింది. అటువంటి కోడెను బందెలదొడ్డిలో పెడితే విడిపించడానికి ఎవరు వస్తారు? జరిమానా పశువు విలువ కంటె ఎక్కువైతే యజమాని రాడు. తక్కువైతే దొడ్డి ఖర్చు గడవదు. పాత లెక్క తెగిపోయినది ఇక్కడే.

వదిలిన పశువును ఊరు పోషించడం మనకు కొత్త కాదు. “అచ్చోసిన ఆంబోతు” అనే మాటను నేడు పనీపాటా లేక తిరిగే మనిషిని తిట్టడానికి వాడుతున్నాం. కాని ఆ మాట పుట్టినప్పుడు దానికి వేరే అర్థం ఉన్నది. దేవుని పేర ముద్రవేసి వదిలిన ఆంబోతు ఊరందరిదీ. అది ఏ చేలో మేసినా ఎవరూ కొట్టేవారు కారు. ఊరి ఆవుల సంతతికి అదే ఆధారం గనుక ఆ మేత ఒక విధమైన పన్ను. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్నకు కోడెను మొక్కుకొని సమర్పించే ఆచారం ఇప్పటికీ ఉన్నది. అయితే ఊరికి ఒక ఆంబోతు ఉండడం వేరు, ఊరినిండా తాడు లేని కోడెలు ఉండడం వేరు.

ఉద్దానంలో ఈ వ్యత్యాసం ఎంత బాధాకరమో కొబ్బరిమొక్కను చూస్తే తెలుస్తుంది. ఉద్యానం అనే మాటే ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరిగే ఇసుకనేల అది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు తరతరాల తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. రైతులు తిరిగి మొక్కలు నాటుకోవలసివచ్చింది. దేశవాళీ పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలైనా పడుతుంది. కొబ్బరికి కొమ్మలు వేయడం లేదు. పెరుగుదల అంతా నడినెత్తిన ఉండే ఒక్క మొవ్వులోనే. ఆ మొవ్వు నలిగితే మొక్క చచ్చినట్లే. తుపానును తట్టుకొని మళ్లీ మొక్క నాటిన రైతుకు, మూడో ఏట ఒక రాత్రి అయిదారు పశువులు తోటలో పడితే, పోయేది ఆకు కాదు, మూడేళ్ల కాలం. పశువును కొట్టడానికి చేయి రాదు, తోట పోతూంటే చూస్తూ ఊరుకోవడానికి మనసు రాదు. తోలి ఎక్కడ పెట్టాలన్నదే అతని ప్రశ్న. పక్క ఊరి పొలిమేరకు తోలివేస్తే, ఆ ఊరివారు మరునాటి రాత్రి తిరిగి ఇటే తోలుతారు.

తోటల్లో చోటు దొరకని పశువులు రహదారి ఎక్కుతాయి. రాత్రివేళ పొడిగా, దోమలు తక్కువగా ఉండే చోటు తారురోడ్డు. టెక్కలి, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం మీదుగా సాగే పదహారవ నంబరు జాతీయ రహదారిపై లారీలు నడిపేవారికి, రాత్రి ద్విచక్రవాహనంపై ఇంటికి చేరేవారికి ఇది ప్రాణాంతకమైన విషయం. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు జాతీయ రహదారులపై తిరిగే పశువులను తొలగించి, ఆశ్రయస్థలాలలో ఉంచి పోషించాలని రాష్ట్రాలను, రహదారుల సంస్థను ఆదేశించింది. బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయాలు, రైల్వేస్టేషన్ల ఆవరణలలోని వీధికుక్కలను కూడా ఆశ్రయాలకు తరలించాలన్నది అదే ఆదేశం. అంటే నూట యాభై ఏళ్ల నాటి దొడ్డి మరొక రూపంలో మళ్లీ అవసరమైంది. బాధ్యత ఎవరిదో రాజ్యాంగంలో స్పష్టంగానే ఉన్నది. బందెలదొడ్లు రాష్ట్ర జాబితాలోని అంశం. 1992లో చేసిన డెబ్బైనాలుగవ సవరణ పురపాలక సంఘాల విధులను పేర్కొన్న పన్నెండవ షెడ్యూలులో బందెలదొడ్లను, జంతుహింస నివారణను ఒకే వరుసలో చేర్చింది. కుక్కల ఆశ్రయం నిర్మాణమూ నిర్వహణా పూర్తిగా వేరు కనుక, ఇక్కడ పశువుల సంగతే చూద్దాం.

కొత్త దొడ్డి కట్టడం ఎలా ఉండాలి? పాత దొడ్డి పశువు ఒకటి రెండు రోజులు నిలబడడానికి చాలు. కొత్త దొడ్డిలో అది తన శేషజీవితం గడపవలసి ఉంటుంది. ఒక పెద్ద పశువుకు కప్పు కింద మూడున్నర చదరపు మీటర్లు, ఆరుబయట ఏడు చదరపు మీటర్లు స్థలం ఉండాలన్నది పశుశాలలకు సాధారణంగా పాటించే కొలత. నూరు పశువులకు కప్పు కిందనే 350 చదరపు మీటర్లు కావాలి. కొత్తగా వచ్చిన పశువును కొన్నాళ్లు విడిగా ఉంచే గది లేకపోతే గాలికుంటు వంటి రోగం ఒక్కదానితో మొదలై అన్నిటికీ పాకుతుంది. దూడలకు, కొమ్ముల కోడెలకు వేరువేరు చోట్లు అవసరం. ఈ తీరంలో వీటికి తోడు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఊరికే మేకులు కొట్టిన రేకుల కప్పు తుపానుగాలికి కత్తిలా ఎగిరి పశువులనే చంపుతుంది. సోంపేట ప్రాంతంలో బీల అని పిలిచే పల్లపు చిత్తడినేలలు వేసవిలో మంచి పచ్చిక బయళ్లే కాని, అక్కడ దొడ్డి కడితే వానాకాలంలో మునిగిపోతుంది. ఎత్తయిన మెరక కావాలి. తుపాను హెచ్చరిక వస్తే పశువుల పలుపులు విప్పాలి. తాడుకు కట్టి ఉన్న పశువు వరదనీటిలో తప్పించుకోలేదు. అందుచేత తాళంచెవి గల కాపరి దొడ్డి పక్కనే కాపురం ఉండాలి. అతని ఇల్లు కూడా అంచనాలో చేరాలి.

ఇదంతా ఒకసారి అయ్యే ఖర్చు. ఎంత పెద్దదైనా దానికి ఎవరో ఒకరు ముందుకు వస్తారు. ప్రభుత్వ నిధి ఉంటుంది, దాత ఉంటాడు, శిలాఫలకం మీద పేరు ఉంటుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలి సైతం ఆశ్రయ నిర్మాణానికి సాయం చేసే పథకాలు నడిపింది. రోజూ వేసే గడ్డిమోపు మీద మాత్రం ఎవరి పేరూ చెక్కరు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆశ్రయాలలోని పశువుకు రోజుకు ముప్పై రూపాయలు ఇస్తూ, 2023లో దానిని యాభై రూపాయలు చేసింది. ఆ లెక్కన నూరు పశువులకు రోజుకు అయిదు వేలు, సంవత్సరానికి 18,25,000 రూపాయలు. కూలీల జీతం, వైద్యం ఇందులో కలపలేదు. పదేళ్లలో మేతకయ్యే మొత్తం ముందు కట్టడపు ఖర్చే చిన్నదిగా కనిపించవచ్చు. ఆ రాష్ట్రం ఇందుకోసం 2019లో మద్యంపైన, కొన్ని రహదారుల సుంకంపైన అరశాతం సెస్సు విధించింది. రాజస్థాన్ స్టాంపు రుసుముపై అదనపు భారం వేసింది. అక్కడ వీధి పశువుల సమస్య తీరిపోయిందని చెప్పలేము. కాని గోడకు ముందే గడ్డికి డబ్బు చూపాలన్న సంగతిని అవి గుర్తించాయి.

డబ్బుతోనే కాక వస్తురూపంలో చెల్లించే మార్గం కూడా మన పల్లెల్లో ఉన్నది. పెద్ద పశువుకు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి అనుకొంటే నూరింటికి సంవత్సరానికి 219 టన్నులు. ఎకరానికి రమారమి రెండు టన్నుల వరిగడ్డి వస్తే, అది సుమారు నూట పది ఎకరాల గడ్డి. కోతయంత్రాలు వచ్చిన తరువాత పొలంలోనే చిందరవందరగా పడి, చివరికి తగలబడే గడ్డి అంతకు తక్కువ ఉండదు. దానిని చుట్టలు కట్టే యంత్రం అద్దె, బండి కిరాయి దొడ్డి భరిస్తే, గడ్డి ఇవ్వడానికి రైతుకు ఇబ్బంది ఉండదు. ఒట్టి వరిగడ్డితో పశువు బతకదు నిజమే. పచ్చిమేత, తవుడు, ఉప్పు కావాలి. నౌపడా ఉప్పుమడులు పక్కనే ఉండగా ఉప్పుకు మాత్రం కొదవ లేదు. నీరు వేరే సంగతి. పశువుకు రోజుకు నలభై లీటర్లు చొప్పున నూరింటికి నాలుగు వేల లీటర్లు కావాలి. మూత్రపిండాల వ్యాధితో తల్లడిల్లిన ఉద్దానానికి హిరమండలం నుండి గొట్టాల ద్వారా మంచినీటిని తెచ్చే పథకం 2023లో ప్రారంభమైంది. ఆ మనుషుల నీటిలో దొడ్డి వాటా అడగడం న్యాయం కాదు. దానికి సొంత బావి, వాననీటి గుంట ఉండాలి.

దొడ్డి తిరిగి ఇవ్వగలిగినది పేడ. రోజుకు ఎనిమిది కిలోల చొప్పున లెక్కించినా నూరు పశువుల నుండి ఏడాదికి 292 టన్నుల పచ్చిపేడ వస్తుంది. మాగి సగమైనా, చెట్టుకు యాభై కిలోల చొప్పున దాదాపు మూడు వేల కొబ్బరిచెట్లకు సరిపోతుంది. నీటిని, సారాన్ని నిలుపుకోలేని ఇసుకనేలకు పశువుల ఎరువును మించినది లేదు. పొలంలో గొర్రెల మంద కట్టించుకొని మందకాపరికి ప్రతిఫలం ఇచ్చే ఆచారం తెలిసిన రైతుకు ఈ బేరం విడమరచి చెప్పనక్కరలేదు. అయినా ఎరువు అమ్మకంతో దొడ్డి మొత్తం నడుస్తుందని ఆశించడం పొరపాటు. మేతలో కొంత భాగమే అది పూడ్చగలదు. మిగిలినదానికి పురపాలక సంఘం, పంచాయతీ తమ వార్షిక బడ్జెట్టులో పశువుకు ఇంత అని రాసుకోవాలి, ప్రభుత్వం అందులో వాటా భరించాలి.

ఇక యజమాని మాటేమిటి? అతడు ఈ లెక్క నుండి పూర్తిగా తప్పుకోవడం సబబు కాదు. పేద రైతు ముసలి ఎద్దును తానే తెచ్చి అప్పగిస్తే ఏమీ అడగకుండా తీసుకోవాలి. రాత్రివేళ రోడ్డుమీద వదిలినవాని దగ్గర మాత్రం వసూలు చేయాలి. పాత కాపరి పుస్తకంలో యజమాని పేరుకు ఒక గడి ఉండేది. ఇప్పుడు టీకాలు వేసే పశువైద్య సిబ్బంది పశువు చెవికి పన్నెండు అంకెల పసుపుపచ్చని పోగు వేస్తున్నారు. ఆ అంకె చూస్తే ఏ ఊరు, ఎవరి పశువు అన్నది కంప్యూటరులో తెలుస్తుంది. అందువల్లనే వదిలేముందు కొందరు ఆ పోగును కోసివేస్తారు. అటువంటి కోడె దొడ్డికి చేరినప్పుడు దాని చెవికి రంధ్రం ఉంటుంది, కాపరి పుస్తకంలో గడి ఖాళీగా ఉంటుంది, ఆ సాయంత్రం దానికి వేయవలసిన ఆరు కిలోల గడ్డి మాత్రం ఊరి లెక్కలోకి వస్తుంది.