ప్రోగ్రాము విద్యలో సందేహము

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అయితే ఆకలిగొన్న బిడ్డ "అన్నం" అన్న ఒక్క మాట అంటే చాలు, తల్లికి సర్వమూ బోధపడుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయటం కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థికి అంత సులువుగా పని జరగదు. అతడు అధ్యాపకుని వద్దకో, పై తరగతి విద్యార్థి వద్దకో వెళ్ళి "నా ప్రోగ్రాము పనిచేయటం లేదండీ" అంటాడు. ఈ వాక్యంలో వ్యాకరణదోషం లేదు, విషయమే లేదు. వైద్యుని ముందు కూర్చుని "ఒంట్లో బాగా లేదు" అని ఊరుకున్న రోగి వంటివాడతడు. వైద్యుడైతే నాడి పట్టి చూడగలడు. ప్రోగ్రాముకు నాడి ఎక్కడ ఆడుతున్నదో రోగియే చెప్పవలసి ఉన్నది.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ గొడవ ఎందుకని చదువరులు అనవచ్చు. నేడు మన డిగ్రీ కళాశాలల్లో గణితంతోపాటు కంప్యూటరు శాస్త్రం చదివే పిల్లలే తెలుగు తరగతిలోనూ కూర్చుంటున్నారు. వారి సందేహాలను వింటూ ఉంటే, వాటిలో చాలా భాగం యంత్రానికి సంబంధించినవి కావనీ, భాషకు సంబంధించినవనీ నాకు తోస్తున్నది.

ఒక ఉదాహరణ చూడండి. గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశీయుడు 1991లో వెలువరించిన పైథాన్ భాషతోనే నేడు చాలామంది ఈ విద్యకు అక్షరాభ్యాసం చేస్తున్నారు. రెండు పరీక్షల మార్కులు అడిగి, వాటి మొత్తం చూపే ప్రోగ్రామును ఒక విద్యార్థి వ్రాసినాడనుకుందాం. 45, 38 అని ఇచ్చినాడు. రావలసినది 83. వచ్చినది 4538! యంత్రం తప్పు అని అనలేదు, ఎర్ర అక్షరాలు చూపలేదు. నిశ్చింతగా 4538 అన్నది. విద్యార్థికి మతి పోయినది.

సంగతేమంటే, కీబోర్డు మీదినుంచి ‘ఇన్‌పుట్’ అనే ఆజ్ఞ ద్వారా వచ్చిన దానినల్లా పైథాన్ అక్షరాల వరుసగానే స్వీకరిస్తుంది. దాని దృష్టిలో 45 అనేది సంఖ్య కాదు. నాలుగు, అయిదు అనే రెండు గుర్తులు పక్కపక్కన నిలబడటం మాత్రమే. సంఖ్యల నడుమ కూడిక గుర్తు ఉంటే కూడుతుంది. అక్షరాల నడుమ అదే గుర్తు ఉంటే వాటిని ఒకదాని వెంట ఒకటి చేరుస్తుంది. దీనిని సంధి అనటానికి కూడా వీలు లేదు. ఆగమాలు లేవు, ఆదేశాలు లేవు, ఉత్త చేర్పు. ‘ఇంట్’ అనే మాటతో వచ్చినదానిని ముందుగా పూర్ణసంఖ్యగా మార్చుకుంటే 83 వస్తుంది.

ఇటువంటి చోట సహాయం ఎలా జరుగుతున్నది? తెలిసినవాడు వచ్చి, కీబోర్డు తన వైపు లాక్కుని, టకటక నాలుగు అక్షరాలు కొట్టి, "చూడు, వచ్చింది" అని వెళ్ళిపోతాడు. విద్యార్థి నమస్కారం పెడతాడు. మరుసటి వారం ధరను పరిమాణంతో గుణించవలసి వచ్చినప్పుడు మళ్ళీ అదే గోతిలో పడతాడు. అతనికి దక్కినది 83 మాత్రమే. అట్లా కాక, "నీవు ఏమి ఇచ్చావు? ఏమి రావాలనుకున్నావు? ఏమి వచ్చింది?" అని అడిగి ఆ మూడింటినీ కాగితం మీద వ్రాయించితే, 45, 38, 4538 అని చూడగానే "అయ్యో, పక్కపక్కన పెట్టింది!" అని అతడే అంటాడు. ఆ తరువాత ఎందుకని అడుగుతాడు. ఆ ‘ఎందుకు’ పుట్టినదాకా గురువుగారి చేతులు కీబోర్డుకు దూరంగా ఉండటం మంచిది.

తప్పు చేయటం సిగ్గుపడవలసిన విషయమని పిల్లలు భావిస్తారు. ఈ విద్య పుట్టిన నాటి చరిత్ర వారికి చెప్పాలి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ నాయకత్వాన నిర్మించిన ఎడ్సాక్ యంత్రం 1949 మే 6న మొదటి ప్రోగ్రామును నడిపినది. ఆ రోజుల్లోనే ఒకనాడు మెట్లెక్కుతూ ఉండగా, తన శేష జీవితంలో మంచి భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతకటానికే సరిపోతుందని ఆయనకు స్ఫురించినదట. యంత్రాన్ని కట్టినవానికే తప్పలేదు! అయితే వారు విచారిస్తూ కూర్చోలేదు. సరిచూసిన చిన్న చిన్న ప్రోగ్రాము భాగాలను కాగితపు పట్టీల మీద రంధ్రాలుగా పొడిచి భద్రపరచి, తరువాత వచ్చేవారు వాడుకొనేటట్లు చేసినారు. విల్క్స్, వీలర్, గిల్ 1951లో ఆ పద్ధతిని గ్రంథంగా కూడా వెలువరించినారు. కొత్తవారికి అందిన తొలి సహాయాలలో అది ఒకటి.

కొన్ని తప్పులు అజ్ఞానం వల్ల గాక, మంచి జ్ఞానం వల్లనే పుడతాయి. లెక్కల్లో చురుకైన పిల్లవానికి ‘ఎక్స్ ఈక్వల్‌టు ఎక్స్ ప్లస్ 1’ అని చూపండి. "ఇది అసాధ్యం" అంటాడు. గణితంలో అతని మాట సత్యం. ప్రోగ్రాములో ఆ గుర్తుకు సమానమని అర్థం కాదు. కుడివైపు విలువను లెక్కకట్టి ఎడమవైపు పేరుకు అప్పగించమని ఆజ్ఞ. ఈ చిక్కు రాకుండా పూర్వపు ఆల్గాల్ భాషలో ఆ గుర్తుకు ముందు రెండు చుక్కలు చేర్చినారు. సీ, పైథాన్ భాషలు ఆ చుక్కలు లేకుండానే వ్రాస్తాయి. ఈ ప్రశ్న అడిగిన పిల్లవానిని చూసి నవ్వినవాడు ఒక మంచి విద్యార్థిని పోగొట్టుకుంటాడు.

ఇంతకంటె కష్టం తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిది. యంత్రం చెప్పే దోషసూచన ఇంగ్లీషులో ఉంటుంది. ఎర్రని అక్షరాలు నాలుగు వరుసలు కనబడగానే చదవకుండా కళ్ళు మూసుకుంటారు. నిజానికి పైథాన్‌లో అన్నిటికంటె ముందు చదవవలసినది చివరి వరుస. తప్పు ఏ జాతిదో అక్కడ ఉంటుంది. ‘నేమ్ ఎర్రర్’ అంటే ఆ పేరు నాకు తెలియదని యంత్రం మనవి. విద్యార్థి పైన ‘టోటల్’ అనే పేరును చిన్నబడి అక్షరాలతో వ్రాసి, క్రింద పెద్దబడితో మొదలుపెట్టి ఉంటాడు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అనే భేదమే లేదు గదా, అతని కంటికి రెండూ ఒకటే. ఇంగ్లీషులో అడగలేడు, తెలుగులో అడిగితే నవ్వుతారేమోనని జంకు. చివరకు పక్కవాని రికార్డు చూసి వ్రాసుకుంటాడు. ప్రాక్టికల్ పరీక్ష గట్టెక్కుతుంది, అతనికి మాత్రం ఒక్క ప్రోగ్రామూ సొంతంగా రాదు. ఇటువంటివారు మన తరగతుల్లో ఎందరో వెనుక బల్లల మీద మౌనంగా ఉన్నారు. వారిని తెలుగులోనే అడగమని ఉపాధ్యాయుడు ముందుగా చెప్పాలి.

పొడుగుపాటి ప్రోగ్రాములో తప్పు దొరకనప్పుడు ఏమి చేయాలి? ఇందుకు మన ఛందస్సు పాఠమే దారి చూపుతుంది. ఉత్పలమాల పాదంలో ఎక్కడో నడక తడబడుతున్నది. పాదమంతా పదిసార్లు చదివినా లాభం లేదు. గురులఘువులు గుర్తించి భ, ర, న, భ, భ, ర, వ అని విడదీస్తే, ఏ గణంలో లఘువు స్థానాన గురువు కూర్చున్నదో బయటపడుతుంది. ప్రోగ్రాములోనూ అంతే. నడుమ ఒకచోట ‘ప్రింట్’ ఆజ్ఞ పెట్టి, అంతవరకు విలువలు సరిగా ఉన్నవో లేవో చూడాలి. సరిగా ఉంటే తప్పు క్రింది సగంలో ఉన్నది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయాలి.

ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో ప్రకటించిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే గ్రంథంలో ఒక రబ్బరు బాతు ప్రస్తావన ఉన్నది. ప్రోగ్రాములోని ఒక్కొక్క వరుసను ఆ బాతుకు వివరించి చెబుతూ ఉంటే తప్పు తనంతట తానే బయటపడుతుందట. వినటానికి హాస్యంగానే ఉంటుంది. కాని పాఠం చెప్పేటప్పుడే తమకు ఆ పాఠం తేటపడిన అనుభవం లేని ఉపాధ్యాయులెవరు?

2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన తరువాత ఈ ముచ్చట మరో మలుపు తిరిగినది. అది బాతు వలె మౌనంగా ఉండదు. తెలుగులో అడిగినా బదులిస్తుంది, అర్ధరాత్రి అడిగినా విసుక్కోదు, నవ్వదు. జంకుగల పిల్లలకు ఇది సామాన్యమైన మేలు కాదు. దానిని నిషేధించాలనేవారితో నేను ఏకీభవించను. చిక్కు ఎక్కడంటే, "పనిచేయటం లేదు" అన్న పస లేని మాటకు కూడా అది ప్రోగ్రామంతా తిరగవ్రాసి చేతిలో పెడుతుంది. ఒక్కొక్కప్పుడు తప్పును సైతం ఒప్పు వలె ధీమాగా చెబుతుంది; ఆ తేడా కొత్తవానికి తెలియదు. "ప్రోగ్రాము వ్రాయవద్దు, ఈ చివరి వరుసకు అర్థమేమిటో తెలుగులో చెప్పు, నన్ను ప్రశ్నలడుగు" అని ఆజ్ఞాపిస్తే అదే యంత్రం మంచి గురువు వలె కూడా నడుచుకొంటుంది. అట్లా అడగవచ్చునని పిల్లలకు ఎవరో ఒకరు చెప్పవలసి ఉన్నది.

అందుకు కొత్త పుస్తకాలేవీ అక్కరలేదు. ఏమి ఇచ్చాను, ఏమి రావాలనుకున్నాను, ఏమి వచ్చింది అన్న మూడు వాక్యాలను, ఎవరిని అడగబోయేముందైనా, సొంత మాటల్లో వ్రాసుకోమంటే చాలు. లాబొరేటరీ రికార్డుల్లో ఎడమవైపు గీతలు లేని పుటలు ఎట్లాగూ ఖాళీగానే ఉంటున్నవి.