అనంతగిరి నీళ్ళు, రోము కాసులు

కుల్కచర్ల నుంచి పరిగి మీదుగా వికారాబాద్, అక్కణ్ణుంచి తాండూరు దాకా పోయివస్తే కాళ్ళ కింద నేల మూడుసార్లు మారుతుంది. పాంబండ రామలింగేశ్వరుడు కొలువైన కుల్కచర్ల గుట్టలు గ్రానైటు. దక్కనులో ఈ రాయికి దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అనంతగిరి ఎర్రమట్టి కింద ఉన్నది లావా గడ్డకట్టిన నల్లరాయి, దాని వయసు 6.6 కోట్ల ఏళ్ళు. తాండూరు నాపరాయి వయసులో ఈ రెండింటికీ నడిమిది. ఒకప్పటి సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురద అది. అందుకే ఉలి పెట్టి కొడితే అట్టల్లా లేస్తుంది. వికారాబాద్ జిల్లాలో రాళ్ళకు వయసు పోటీ పెడితే కుల్కచర్లకే మొదటి బహుమతి.

అసలు వింత నీళ్ళది. అనంతగిరి ప్రాంతంలో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది. అక్కడే పుట్టిన కాగ్నా పడమర దారి పట్టి తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. మూసీ సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. భీమ నీళ్ళు కూడా చేరేది కృష్ణనే. ఒక కొండ మీద పడిన వాన రెండు దిక్కులకు విడిపోయి, దక్కను అంతా చుట్టి, మళ్ళీ వాడపల్లి దగ్గర ఒకటవుతుందన్నమాట. నది లోయ వెంట నడుస్తూ రోమన్ శిథిలాలు చూడాలని ఐరోపా టికెట్లు కొనేవాళ్ళు ముందు ఈ రెండు దారులూ చూడాలని నా అభిప్రాయం. రోమన్లు ఇక్కడ కోటలు కట్టలేదు, నిజమే. కానీ వాళ్ళ జాడలు ఉన్నాయి.

పడమర దారిలో మొదటి మజిలీ మల్ఖేడ్, కాగ్నా ఒడ్డు. తాండూరు నుంచి వాడి వైపు పోయే రైలెక్కితే మల్ఖేడ్ రోడ్ అనే స్టేషనే ఉంది. ఇదే రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. 851 నాటి ఒక అరబ్బు వర్తక కథనం ప్రపంచంలో మహారాజులు నలుగురని లెక్కగట్టింది: బాగ్దాదు ఖలీఫా, చైనా చక్రవర్తి, రోము రాజు, నాలుగోవాడు బల్హరా. రోము రాజంటే అప్పటికి కాన్‌స్టాంటినోపుల్ నుంచి ఏలుతున్న తూర్పు రోమన్ చక్రవర్తి. బల్హరా అంటే మాన్యఖేటంలో కూర్చున్న రాష్ట్రకూట రాజు. ఆ కాలంలో గద్దె మీద ఉన్నది అమోఘవర్షుడు. మన కాగ్నా నీళ్ళు తాగిన రాజు రోము చక్రవర్తి పక్కన పీట వేయించుకున్నాడు! ఆయన కాలంలోనే మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. లెక్కల మీద తెలుగులో వచ్చిన తొలి పుస్తకం అదే. 972లో పరమార రాజు సీయకుడు మాన్యఖేటాన్ని కొల్లగొట్టాడు. ఇప్పుడు ఊళ్ళో మిగిలింది కోటగోడలు, బురుజులు.

కాగ్నా కలిశాక భీమ ఒడ్డున సన్నతి పక్కన కనగనహళ్ళి ఉంది. అక్కడి బౌద్ధ స్తూపం మీద రాజూ రాణీ చెక్కిన ఒక పలక దొరికింది. దాని మీద బ్రాహ్మీ లిపిలో 'రాయో అసోకో' అని ఉంది. అశోకుడి బొమ్మతో పాటు ఆయన పేరూ చెక్కి ఉన్న ప్రాచీన శిల్పం ఇది. మన బడి పుస్తకాల్లో సింహాల స్తంభానికి దొరికినంత చోటు ఈ పలకకు దొరకలేదు.

భీమ కృష్ణలో కలిశాక అదే నీరు నాగార్జునకొండను చేరుతుంది. ఇక్ష్వాకుల విజయపురి లోయ ఇది. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. రోమన్ బంగారు నాణేలు దొరికాయి. నడుమ చదునైన ఆటస్థలం, నాలుగు వైపులా మెట్లు మెట్లుగా కూర్చునే వరుసలు ఉన్న రంగస్థలం బయటపడింది. చూసినవాళ్ళకు వెంటనే రోమన్ ఆంఫీథియేటర్ గుర్తుకొచ్చింది. దాన్ని అక్కణ్ణుంచి తరలించి అనుపులో తిరిగి కట్టారు. మెట్ల మీద కూర్చుని చూడొచ్చు. రోము పద్ధతేనని ఢంకా బజాయించి చెప్పలేం గానీ, మన దేశంలో ఇలాంటి పాత కట్టడం బహు అరుదు.

తూర్పు దారి గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. మూసీ పారే నల్లగొండ జిల్లాలో అక్కన్‌పల్లి అనే ఊళ్ళో ఒక్కచోటే 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. దక్కనులో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. ఎందుకు పెట్టారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇక మూసీ ఉపనది బిక్కేరు పక్కనున్న ఫణిగిరిలో 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇవి రోమువి కావు, ఇక్ష్వాకుల కాలానివి.

నన్నడిగితే కుల్కచర్ల వాళ్ళు ముందు చూడాల్సింది ఈ రెండు నదుల మీదా లేదు. వికారాబాద్ నుంచి సదాశివపేట మీదుగా పోతే సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ వస్తుంది. అక్కడి దిబ్బను ఊరివాళ్ళు కోటగడ్డ అంటారు. 1940 ప్రాంతంలో నిజాం పురావస్తు శాఖ దాన్ని తవ్వింది. దాదాపు 2,000 నాణేలు, నాణేలు పోసే మూసలు దొరికేసరికి దానికి టంకశాలల పట్నమని పేరొచ్చింది. రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా అక్కడ దొరికింది. దానికంటే ముచ్చటైనవి మట్టి బిళ్ళలు. రోమన్ నాణేన్ని అచ్చుగుద్ది, పైన దారం దూర్చడానికి చిల్లు పెట్టి మెడలో వేసుకున్నారు. అంటే మన కాసులపేరుకు రెండు వేల ఏళ్ళ నాటి చుట్టం! తెల్లమట్టితో చేసిన చిన్న బొమ్మలూ ఉన్నాయి. ముందు సగానికొక అచ్చు, వెనుక సగానికొక అచ్చు పోసి అతికారు. దగ్గరగా చూస్తే పక్కన అతుకు గీత కనిపిస్తుంది. ఆ పద్ధతి కూడా రోము నుంచి వచ్చిందని పురావస్తు పండితుల మాట.

ఈ కాసులన్నీ ఊరికే రాలేదు. మన దేశపు సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే గోల పెట్టాడు. పైఠాన్ నుంచి తూర్పుగా పది రోజుల ప్రయాణంలో తగర అనే పట్నం ఉందని పెరిప్లస్ అనే పాత గ్రీకు నావిక గ్రంథం చెబుతుంది. తగర అంటే ఇప్పటి తేర్. కోస్తా నుంచి వచ్చిన బట్టలు అక్కడ బండ్లకెక్కి బరుకచ్ఛం (ఇప్పటి భరూచ్) రేవుకు పోయేవి.

అసలు రోము దేశాల సంగతీ కొంత. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ వెంట 135 కిలోమీటర్ల కాలిబాటను 2003లో తెరిచారు. ఫ్రాన్స్‌లో గార్డోన్ నది మీది పాన్ దు గార్ దాదాపు 49 మీటర్ల ఎత్తు. రోమన్లు కట్టిన నీటి వంతెనల్లో అంతకంటే ఎత్తయినది లేదు. దాని కాలువ పొడవు 50 కిలోమీటర్లు, మొత్తం వాలు మాత్రం 13 మీటర్ల లోపే. నీళ్ళు పారించడమంటే అదీ! క్రీస్తుపూర్వం 312లో మొదలైన అప్పియన్ దారిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది 2024లో. ఆ నిర్ణయం జరిగిన సమావేశం రోములో కాదు, మన ఢిల్లీలో.

వాళ్ళ బాటలకు బోర్డులు, పటాలు, గుర్తులు ఉన్నాయి. కాగ్నా ఒడ్డున అలాంటివి ఆశించవద్దు. మల్ఖేడ్‌కు నీళ్ళ సీసా, టోపీ మీరే తీసుకెళ్ళాలి. కొండాపూర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు బయల్దేరకండి.